కట్ట దాటించే ముందు

బళేపేట,
బెంగళూరు.

చిన్నోడా,

ఇవన్నీ ఫోన్లో చెబితే నాలుగో మాటకే ‘తెలుసు పెదనాన్నా’ అంటావు. అందుకని రాస్తున్నాను.

మీ నాయన నిన్న సాయంత్రం అంగడికి వచ్చి సింగపూరు సంగతులన్నీ పూసగుచ్చినట్టు చెప్పాడు. సెరంగూన్ రోడ్డు, పక్షుల పార్కు, మీ ఇంటి కిటికీలోంచి కనబడే ఓడలు అన్నీ అయ్యాయి. కట్ట అవతల మలేషియాలోని జొహోర్ బారు మాటెత్తితే మాత్రం ‘పోయొచ్చినాంలే అన్నా’ అని, రిపేరుకు వచ్చిన హార్మోనియం మెట్లు తుడుస్తూ కూర్చున్నాడు. మిగతాది రాత్రి మీ అమ్మ చెప్పింది. వాళ్లు సింగపూరు నుంచి తిరిగి వచ్చినప్పటి నుంచి నువ్వు ఫోన్లో ముభావంగా ఉంటున్నావని కూడా చెప్పింది.

మీరు జొహోర్ పోయింది జూన్ బడి సెలవుల్లో, అందులో శనివారం. ఇద్దరు పెద్దవాళ్లు, ఒక పసిపిల్ల. పొద్దున తొమ్మిదికి క్వీన్ స్ట్రీట్‌లో బస్సెక్కి, గాజు గుడి చూసి, అరిటాకులో భోంచేసి, పాపకు లెగోలాండ్ చూపించి, చీకటిపడ్డాక మాల్‌లో సామాన్లు కొనుక్కుని రాత్రికి ఇల్లు చేరాలని నీ లెక్క. రెండు దేశాలనూ కలిపే కాజ్‌వే పొడవు కిలోమీటరే కదా అనుకున్నావు. 1924లో తెరిచిన ఆ కట్ట మీద ఇవాళ రోజూ మూడు లక్షల మందికి పైగా అటూ ఇటూ తిరుగుతారు. సింగపూరు డాలరుకు మూడు రింగిట్లకు పైగా వస్తుంటే శనివారం సరుకులకు జనం అటు పోక ఎటు పోతారు? సెలవుల ముందు అక్కడి అధికారులే ‘ఆలస్యం తప్పదు’ అని ప్రకటనలు ఇస్తారు. అది నువ్వు చూడకపోవడం చిన్న విషయం. చూసి కూడా మీ నాయనకు చెప్పకపోవడమే నాకు నచ్చలేదు.

మీ నాయన క్యూ అంటే భయపడే మనిషి కాదు. తిరుమల వైకుంఠం కాంప్లెక్సులో పూటపూటలు కూర్చున్నవాడు. అక్కడ ఎందుకు విసుక్కోలేదు? ఆలస్యమవుతుందని ఇంట్లో బయల్దేరినప్పుడే తెలుసు. కంపార్టుమెంటులో కూర్చోవచ్చు. పాలో, అన్నప్రసాదమో చేతికి వస్తుంది. కాజ్‌వే దగ్గర ఆయనకు ఇవేవీ లేవు. బస్సెక్కినాక ఉడ్‌లాండ్స్‌లో దిగాలని, అటు ఒడ్డున మళ్లీ దిగి ఇంకో వరసలో నిలబడాలని కూడా అక్కడికి పోయినాకే తెలిసింది. ‘ఇంకెంతసేపురా?’ అని అడిగితే ‘అయిపోయింది నాయనా, ఐదు నిమిషాలు’ అన్నావట. మళ్లీ అడిగినా అదే మాట. షుగరు ఉన్న మనిషికి ‘రెండు గంటలు పడుతుంది’ అని చెబితే జేబులోంచి బిస్కెట్టు తీసి తింటాడు. ఐదు నిమిషాలంటే ఆకలి ఆపుకుని నిలబడతాడు. ఆయనకు కళ్లు తిరిగింది అందుకే.

మీ అమ్మ సంగతి వేరు. మలేషియా వాళ్లు 2023 డిసెంబరు నుంచి మనవాళ్లను వీసా అడగడం లేదు కానీ, అక్కడికి చేరే ముందు మూడు రోజుల్లోపు డిజిటల్ అరైవల్ కార్డు నింపి ఉండాలి. నువ్వు ఐదుగురికీ నింపావు, అమ్మది పాత పాస్‌పోర్టు నంబరుతో. కౌంటరులోని పిల్ల పక్కకు నిలబడమంటే, మీ అమ్మ తనను వెనక్కి పంపించేస్తారనుకుంది. నీ ఫోనుకు అటువైపు నెట్‌వర్కు లేదు. కోడలి ఫోనులో మళ్లీ నింపేదాకా మీ అమ్మ గోడ పక్కన సంచీ పట్టుకుని, ‘నా వల్లే ఆలస్యం’ అనుకుంటూ నిలబడింది. నంబరు తప్పు నీది, క్షమాపణ అడిగింది ఆమె. ఈ ఒక్క ముక్క రాసేటప్పుడు నాకు కోపం వచ్చింది.

నువ్వు సరిగ్గా చేసింది కూడా ఉంది. అమ్మానాన్నల సింగపూరు వీసాతో ఎన్నిసార్లు ప్రవేశించవచ్చో బయల్దేరే ముందే చూశావు. అది ఒక్కసారికే చెల్లేదైతే, సాయంత్రం తిరిగి రావడానికి వీల్లేక ఆ ఒడ్డునే చిక్కుబడేవాళ్లు. కొత్తగా వెళ్లినవాళ్లు చాలామంది చూసుకోని సంగతి ఇదే.

ఇంత కష్టపడి దాటినాక ఆ రోజు బాగుపడే అవకాశం ఒకటి వచ్చింది. అరిటాకు హోటల్లో పక్క బల్ల దగ్గర ఒక పెద్దాయన మీ మాటలు విని తెలుగులో పలకరించాడట. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి పేరాక్‌లోని బగాన్ దాతోకు, కొబ్బరి తోటల్లో పనికి పోయిన కుటుంబమట. ఆ యాస మీ నాయనకు సగం అర్థమైంది, మన కన్నడం కలిసిన తెలుగు ఆయనకు సగం అర్థమైంది, అయినా ఇద్దరూ చెయ్యి కడుక్కోవడం కూడా మరిచి మాట్లాడుకున్నారు. వాళ్లవాళ్లే 1955లో మలయా ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు, ఉగాది మానలేదు, పిల్లలకు తెలుగు నేర్పడం మానలేదు. మన తాతలు కడప నుంచి బళేపేటకు వచ్చిన కథతో కలుపుకుని రోజంతా మాట్లాడుకోవలసిన మనుషులు. నువ్వేమో ‘కారు బుక్ చేశాను, లెగోలాండ్ టికెట్లు దండగైపోతాయి’ అని లేపేశావు. కారు రద్దు చేస్తే ఎన్ని రింగిట్లు పోయేవిరా? చివరకు లెగోలాండ్‌లో మీరున్నది ఎంతసేపు? పాప నిద్రపోయింది. గాజు గుడి వదిలేశారు. మీ అమ్మ అసలు చూడాలనుకున్నది అదొక్కటే. మూడు లక్షల గాజు ముక్కలు అతికిన అమ్మవారి గుడి అంటే ఆమెకు ఎంత ఆశో నీకు తెలుసా? అడిగితే తెలిసేది.

తిరుగు వరసలో నువ్వన్న మాట దగ్గరికి వస్తాను. ‘మీ కోసమే కదా ఇదంతా చేసింది!’ ఆ మాట విన్నాక అమ్మానాన్నలకు నోరు పెగలదు. కాళ్లు నొప్పని చెప్పలేరు, ఆకలని చెప్పలేరు. మీ నాయన నాతో జొహోర్ సంగతి ఎత్తకపోవడానికి కారణం అలసట కాదు. ‘వాడి డబ్బులు పోయినాయి వదినా’ అని మీ పెద్దమ్మతో అన్నాడు, అంతే.

వాళ్లు మళ్లీ వచ్చినప్పుడు తీసుకుపో. మానుకోవద్దు. బడి సెలవులు, పండగలు, శని ఆదివారాలు తప్పించి మంగళవారమో బుధవారమో సెలవు పెట్టు. రైలు టికెట్లు దొరికితే రైల్లోనే పో. షటిల్ తెబ్రావ్ ఐదు నిమిషాల్లో దాటిస్తుంది, పోయేటప్పుడు రెండు దేశాల తనిఖీలూ ఉడ్‌లాండ్స్‌లోనే అయిపోతాయి. కాకపోతే ఆ టికెట్లు త్వరగా అయిపోతాయి, ముందే చూసుకో. స్నేహితుడు కారు ఇస్తానంటే గుర్తుంచుకో, సింగపూరు బండి కట్ట దాటాలంటే ట్యాంకు ముప్పావు నిండి ఉండాలి, లేకుంటే వెనక్కి తిప్పుతారు. అరైవల్ కార్డుకు డబ్బులడిగే సైటు కనబడితే అది అసలుది కాదు, సర్కారుది ఉచితం. తిరిగి వచ్చేటప్పుడు అమ్మానాన్నలకు సింగపూరు కార్డు మళ్లీ నింపాలి, అది కూడా ఉచితమే. పాస్‌పోర్టులన్నీ నీ సంచీలో కుక్కుకోవద్దు. ఎవరిది వాళ్ల చేతిలో ఉంటే వరసలో విడిపోయినా కంగారుండదు.

పాపకు లెగోలాండ్ కావాలంటే అది వేరే రోజు, మీ ముగ్గురే, తువాస్ వైపు రెండో వంతెన మీదుగా. పెద్దవాళ్లతో పోయిన రోజు గుడి ఒక్కటి, భోజనం ఒక్కటి. మిగిలిన పొద్దు ఏం చెయ్యాలో మీ నాయన చెబుతాడు. అది నీకు బోరు కొట్టవచ్చు, కొట్టనీ. బయల్దేరే ముందు రాత్రి అందరినీ కూర్చోబెట్టి, ఎక్కడ దిగాలి, ఎంతసేపు నిలబడాల్సి రావచ్చు, మరుగుదొడ్డి ఎక్కడుంటుంది, ఉన్నదున్నట్టు చెప్పు. ‘అంతసేపైతే వద్దురా’ అంటే మానెయ్యి. వాళ్లు నీ దగ్గరికి వచ్చింది నిన్ను చూడటానికి, మలేషియా చూడటానికి కాదు.

అదంతా తర్వాత. ముందు మీ నాయనకు ఫోన్ చెయ్యి. టికెట్ల మాట ఎత్తకు, ఆ బగాన్ దాతో పెద్దాయన ఏమేం చెప్పాడో అడుగు. మాకు రాత్రి తొమ్మిదైతే నీకు పదకొండున్నర. ఆయన తొమ్మిదికే పడుకుంటాడు, అంతకు ముందే చెయ్యి.

ఇట్లు,
మీ పెదనాన్న