రొయ్యల గుంట కొలతలు: ఒక్కొక్కటిగానా, బ్యాచీలుగానా?

మన ముత్తుకూరు ప్రాంతంలో రొయ్యల రైతుకు నిద్ర పట్టనివ్వనిది ఆక్సిజన్. పగలు నీటిలోని సూక్ష్మమైన నాచు ఎండ సాయంతో దాన్ని తయారుచేస్తుంది. రాత్రయ్యాక ఆ నాచూ, రొయ్యలూ, అడుగుమట్టిలోని బాక్టీరియా అన్నీ కలిసి దాన్ని వాడేసుకుంటాయి. అంచేత తెల్లవారుజామున అది బాగా దిగిపోతుంది. లీటరు నీటికి 4 మిల్లీగ్రాములకు తగ్గకుండా చూసుకోవడం మంచిది. 3 కంటే దిగిందా, ఏరియేటర్లు తిరగాల్సిందే. 2009లో వనామి పెంపకానికి అనుమతి వచ్చాక గుంటల్లో పిల్లను ఒత్తుగా వదలడం ఎక్కువైంది కనుక, ఏమరుపాటుకు చోటు ఇంకా తగ్గింది.

ఇప్పుడు గుంటలో సెన్సారు పెట్టి కొలవవచ్చు. 20 గుంటలున్నాయనుకుందాం. ఒక్కోదానిలో ఆక్సిజన్, ఉష్ణోగ్రత, పీహెచ్, ఉప్పదనం అని 4 కొలతలు, 10 సెకన్లకొకసారి. అనగా సెకనుకు 8, రోజుకు 6,91,200 కొలతలు! ఇలా కాలంతోపాటు వచ్చిపడే లెక్కలను దాచడానికే ఇన్‌ఫ్లక్స్ డీబీ వంటి టైమ్ సిరీస్ డేటాబేసులు ఉన్నాయి.

ప్రోగ్రాము రాసేవాడు కొలత వచ్చినప్పుడల్లా ఒక్కొక్కటే పంపితే ఏమవుతుంది? పంపే అంకె కొన్ని బైట్లే. దాని వెంట నెట్‌వర్కు మర్యాదలు, అనుమతి తనిఖీ, డిస్కు మీద చిట్టా రాయడం, జవాబు తిరిగి రావడం, ఇవన్నీ ప్రతిసారీ తప్పవు. మాది వ్యవసాయ కుటుంబం, అందుకని నాకీ పోలికే తోస్తుంది: కోత అయ్యాక బస్తాకొకసారి ట్రాక్టరు కట్టి మిల్లుకు తోలే రైతును ఊళ్ళో ఏమంటారో చెప్పనక్కర్లేదు గదా!

కనుక కొన్నింటిని పోగుచేసి ఒకే దఫాగా పంపాలి. దీన్నే బ్యాచింగ్ అంటారు. ఇన్‌ఫ్లక్స్ రెండో వెర్షను సూచనల ప్రకారం బ్యాచికి 5000 వరుసలు అనుకూలం. అయితే ఆ అంకెను కళ్ళు మూసుకుని పెట్టేస్తే మన గుంటల దగ్గర ప్రమాదమే. సెకనుకు 8 చొప్పున 5000 నిండాలంటే 625 సెకన్లు, అంటే పది నిమిషాల పైమాట! తెల్లవారుజామున పడిపోయిన ఆక్సిజన్ కొలత అంతసేపూ మెమరీలో కూర్చుంటుంది. అందుకే రెండు హద్దులు పెడతారు: ఇన్ని కొలతలు నిండినా సరే, ఇంత సమయం గడిచినా సరే, ఏది ముందైతే అప్పుడు పంపెయ్యడం. దాని పైథాన్ లైబ్రరీలో మనమేమీ చెప్పకపోతే ఇవి 1000 కొలతలు, 1 సెకను. మనకు 10 సెకన్లు చాలనిపిస్తుంది. అప్పుడు బ్యాచికి 80 కొలతలు, రోజుకు 8640 దఫాలు మాత్రమే. ఇక అలారం సంగతి. దాన్ని డేటాబేసుకు వదలకుండా, కొలత వరుసలో చేరకముందే చూసి మోగించాలని నా అభిప్రాయం.

ఇక నెట్ పోతే? పంపవలసినవి పోగుపడతాయి. టెలిగ్రాఫ్ అనే సేకరణ ప్రోగ్రాములో మామూలుగా 10,000 దాకా నిలవ ఉంటాయి, ఆపైన పాతవి పడిపోతాయి. మన లెక్కలో అది 21 నిమిషాలకే నిండుతుంది. తీరంలో గాలివాన రాత్రి అంతకంటే ఎక్కువసేపు నెట్ పోవడం వింతా? కరెంటు కూడా పోతే మెమరీలో ఉన్నదంతా గల్లంతే. కనుక పంపేలోగా మెమరీ కార్డు మీద ఒక ఫైలులో రాసుకోవాలి. నెట్ వచ్చాక మళ్ళీ పంపితే రెండుసార్లు నమోదవుతాయేమోనన్న భయం అక్కర్లేదు. అదే గుంట, అదే కొలత, అదే సమయం అయితే ఇన్‌ఫ్లక్స్‌లో పాతదాని మీదే కొత్తది పడుతుంది. షరతు ఒక్కటే. సమయం ముద్ర కొలిచినప్పుడే వెయ్యాలి, పంపేటప్పుడు కాదు. లేకుంటే రాత్రి 3 గంటల ఆక్సిజన్ ఉదయం 7 గంటలదిగా నమోదై, రైతు ఏరియేటరు వేళలు తప్పుగా నిర్ణయించుకుంటాడు.

ప్రోగ్రామును ఆపేటప్పుడు కూడా చేతిలో మిగిలిన సగం బ్యాచిని పంపి, ఆ తర్వాతే మూయించాలి.