తోట రైతు కొత్త పద్ధతిని ఎప్పుడు ఒప్పుకుంటాడు?

పచ్చిరొట్ట ఎరువులు, బిందు సేద్యం, ఎర బుట్టలతో పురుగు నివారణ మొదలైనవి భూమినీ నీటినీ కాపాడే పద్ధతులని మనం చదువుకుంటున్నాం. మరి అంత మంచివైతే రైతులందరూ ఎందుకు చేయడం లేదు? "వాళ్ళకు చదువు లేదు" అని కొందరు తేలిగ్గా తేల్చేస్తారు. రైతు బిడ్డగా నేనీ మాట ఒప్పుకోను. 2016లో జోగులాంబ గద్వాల జిల్లాలో చేరిన మా ఆలంపూర్ ప్రాంతపు బత్తాయి, మామిడి తోటలను బట్టి అసలు కారణాలు పరిశీలిద్దాం.

మొదటిది కాలం. జొన్న చేలో ప్రయోగం చెడితే ఒక పంట పోతుంది. బత్తాయి అంటు నాటితే కాపు చూడటానికే నాలుగైదేళ్ళు పడుతుంది. చెట్టు చస్తే ఆ ఏళ్ళన్నీ పోయినట్టే. కనుక తోట రైతు ఆలోచించి అడుగేయడం మొండితనం కాదు, జాగ్రత్త.

రెండవది పక్క రైతు. అమెరికాలోని అయోవాలో సంకర మొక్కజొన్న ఎలా వ్యాపించిందో రయాన్, గ్రాస్ అనే ఇద్దరు పరిశీలించి 1943లో ప్రకటించారు. విత్తనం సంగతి రైతుల్లో ఎక్కువమందికి మొదట చెప్పింది అమ్మకందార్లే. కాని వేయడానికి ఒప్పించింది ఇరుగుపొరుగు రైతులు. మా ఊళ్ళోనూ ఇదే మాట: "ముందుగాల ఆయన ఏసి సూడనీ, మంచిగుంటే మనం ఏద్దాం." 1962లో రోజర్స్ అనే శాస్త్రజ్ఞుడు లాభం, అలవాటుకు పొందిక, సులువు, కొద్దిగా చేసి చూసే వీలు, ఫలితం కంటికి కనబడటం అనే ఐదు గుణాలను సూత్రీకరించాడు.

ఈ గీటురాయి మీద మన పద్ధతులను పెట్టి చూద్దాం. బత్తాయి మొదలుకు నీరు తగిలితే బంక తెగులు వస్తుంది. అందుకే మొదలు చుట్టూ మట్టి ఎగదోసి, దూరంగా రెండో పాదు చేసి నీరు పెట్టమంటారు. ఇది పారతో అయ్యే పని. రెండు చెట్లకు చేసి చూడవచ్చు. కాబట్టి చెబితే వింటారు. మామిడిలో పండు ఈగకు మిథైల్ యూజినాల్ ఎర బుట్టలు కడతారు. ఖర్చు తక్కువే. కాని పక్క తోటలో కట్టకపోతే ఈగ అక్కణ్ణుంచి వస్తుంది. ఇక్కడ ఒక్క రైతు ఒప్పుకుంటే చాలదు, ఊరు ఒప్పుకోవాలి.

బిందు సేద్యం సంగతి వేరు. ఉమ్మడి రాష్ట్రంలో 2003లో సూక్ష్మ సేద్య పథకం మొదలై రాయితీ వచ్చాక ఇది బాగా పెరిగింది. రాజోలిబండ కాలువ చివరి భూములకు నీరు సరిగా అందదు గనుక మాకు బోరే దిక్కు. అయితే మిగిలిన నీటితో ఇంకో రెండెకరాలు తోట పెడితే భూగర్భ జలానికి మిగిలేదేమిటి? పైపులు పరచినంత మాత్రాన నీరు పొదుపైనట్టు కాదు.

చివరిది, మన పుస్తకాల్లో అంతగా కనిపించనిది గుత్త. మామిడి పూత మీదే తోటను వ్యాపారికి గుత్తకిచ్చే అలవాటుంది. ఆ ఏడాది మందు ఏది కొట్టాలో నిర్ణయించేది గుత్తేదారు. ఆయనకు కావలసింది ఈ కాపు. రైతుకు కావలసింది ముప్పై ఏళ్ళ చెట్టు. రైతు గుత్తకు ఎందుకిస్తాడంటే చేతిలో పెట్టుబడి లేక. అప్పుడు ఎంత జ్ఞానం బోధించినా ఏం లాభం?

పై విషయాలను బట్టి తేలేదేమంటే, తోట రైతును మార్చేవి ఉపన్యాసాలు కావు. కళ్ళెదుట పండిన పొరుగు తోట, వేళకు అందే పెట్టుబడి, ఊరంతా కలిసి చేసే పని. సైన్సు విద్యార్థులమైన మనం సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు నాలుగు చెట్లు అడిగి తీసుకుని, వాటి మీద చేసి చూపుదాం. మిగతా మాట ఆ చెట్లే చెబుతాయి.