సకాలమందు విశ్రాంతి

బలము తగ్గువేళ విశ్రమించుట సోమరితనమా, వివేకమా? ఒక ఆటగాని జీవితమునుండి మనము నేర్చుకొందము.

అమెరికాలోని శాన్ ఆంటోనియో స్పర్స్ అను బాస్కెట్‌బాల్ జట్టులో టిమ్ డంకన్ అను గొప్ప ఆటగాడుండెను. 2012 మార్చిలో, అతనికి 35 ఏండ్లప్పుడు, శిక్షకుడైన గ్రెగ్ పోపోవిచ్ ఒకనాడు అతనిని ఆటకు దింపలేదు. ఆడకపోవుటకు కారణము ముసలితనమని ఆటపట్టికలో వ్రాయబడెను! చూచినవారు నవ్విరి. ఆ నవంబరులో డంకనును, మరి ముగ్గురిని మయామీ ఆటకు ముందే ఇంటికి పంపివేసెను. ప్రేక్షకులకు అన్యాయము జరిగెనని ఎన్‌బీఏ ఆ జట్టుకు 2,50,000 డాలర్ల జరిమానా విధించెను.

డబ్బిచ్చి చూడవచ్చినవారి బాధయు నిజమే. అయితే పరుగులోను గంతులోను నలిగిన కండరములు నిద్రయందును విశ్రాంతియందును బాగుపడును. వయస్సు మీరినకొలది అందుకు ఎక్కువ కాలము పట్టును. శిక్షకుడు దీనినెరిగెను. 48 నిమిషముల ఆటలో, 2013–14 లీగు పోటీలయందు ఆ జట్టువారెవరును సగటున 30 నిమిషములైనను ఆడలేదు. 2014 జూన్‌లో వారే విజేతలైరి. అప్పుడు డంకనుకు 38 ఏండ్లు. 40వ యేట, 2016లో, అతడు ఆట విరమించెను.

గనుక మన యింటి పెద్దలు కాసేపు కూర్చుండిన సోమరులని తలంపకుందము. మనమును పడిపోకముందే కూర్చుండ నేర్చుకొందము.