తెలియకుండా చేసే స్వార్థం: పంచసూనలు మనకు చెప్పేదేంటి?



"నేనెవరికీ అన్యాయం చెయ్యలేదు కదా, మరి నాది స్వార్థం ఎలా అవుతుంది?" చాలామందికి వచ్చే సందేహమే ఇది. వీడియోలో క్లుప్తంగా చెప్పాను, ఇక్కడ కాస్త వివరంగా చూద్దాం.

మనుస్మృతి మూడో అధ్యాయంలో 'పంచసూనలు' అనే మాట వస్తుంది. పొయ్యి, తిరగలి, చీపురు, రోలు, నీళ్ళకుండ. ఇవి లేని ఇల్లు ఆ రోజుల్లో లేదు. వీటి దగ్గర మనకు తెలియకుండానే చిన్న చిన్న ప్రాణులకు హాని జరుగుతుంది. గమనించండి, ఇక్కడ ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. అయినా బాకీ పడుతుంది. అది తీర్చుకోవడానికే పంచ మహాయజ్ఞాలు పెట్టారు. ఋషులకు, దేవతలకు, పితృదేవతలకు, తోటి మనుషులకు, మిగతా ప్రాణులకు రోజూ మన వంతు ఇవ్వాలన్నమాట.

భగవద్గీత మూడో అధ్యాయం 12వ శ్లోకంలో కృష్ణుడి మాట ఇంకా సూటిగా ఉంటుంది. దేవతలు ఇచ్చినదాన్ని వాళ్ళకు తిరిగి సమర్పించకుండా అనుభవించేవాడు దొంగే అంటాడు.

ఇప్పుడు మన ఇళ్ళల్లో తిరగలి లేదు, రోలు లేదు. మరి బాకీ పోయిందా? ఉస్మాన్‌గంజ్ టోకు దుకాణాల వైపు వెళ్ళి చూడండి. లారీలోంచి బస్తా దిగేది ఒక హమాలీ వీపు మీదికే. అదే సరుకు అరకిలో ప్యాకెట్‌గా మన వంటింట్లోకి వచ్చేసరికి ఆ వీపు మనకు కనపడదు. పైగా నాంపల్లి స్టేషన్‌కి లేటవుతోందని తోపుడు బండి వెనకాల హారన్ కొడతాం. ఆ బండి మీద ఉన్నది మనం తినబోయే పప్పే కావచ్చు!

అంత దూరం కూడా అక్కర్లేదు. మీ ఇంట్లో అందరికన్నా చివర్లో తినేది ఎవరు? "నాకు ఆకలిగా లేదురా, నువ్వు వేసుకో" అని మిగిలిన కూర మన కంచంలో వేసేది ఎవరు? మనం అడగలేదు, నిజమే. అడక్కుండా వచ్చింది కాబట్టే లెక్కలోకి రాలేదు. తెలియని స్వార్థం అంటే ఇదే. లాక్కోవడం కాదు, గమనించకపోవడం.

మరి ఏం చెయ్యాలి? శాస్త్రం మనల్ని కూర్చుని బాధపడమనలేదు, రోజూ ఇమ్మంది. అందుకే ఈ వారం చిన్న సాధన: రోజుకొకసారి అమ్మకు ముందు వడ్డించి, తర్వాత మీరు తినండి. సరుకు మోసుకొచ్చిన మనిషికి కూలితో పాటు మంచినీళ్ళు ఇవ్వండి. గల్లీలో బండికి దారి వదలండి. ఇది కూడా మనుష్య యజ్ఞమే అని నా నమ్మకం.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.