టీడీఎస్ కట్టయింది, పన్ను తీరలేదు

"బాబాయ్, పే స్లిప్‌లో ట్యాక్స్ సున్నా. ఎఫ్‌డీల మీద బ్యాంకువాళ్లే కట్ చేసేసుకున్నారు. ఇంక నేను చేయాల్సిందేముంది?" అన్నాడు మా అన్నయ్య కొడుకు, మొన్న జనవరిలో. హైదరాబాద్‌లో ఉద్యోగం, ఏడాదికి 12,75,000 జీతం. పన్ను పేరుతో పోయేది నెలకు 200 వృత్తి పన్ను ఒక్కటే. ఇంట్లో ఎవరి రిటర్న్ అయినా నా నెత్తికే చుట్టుకుంటుంది కాబట్టి, కాగితాలు పట్టుకురమ్మన్నాను.

ముందు కావలసినవి మూడే: పే స్లిప్పులు, బ్యాంకు ఇచ్చే వడ్డీ సర్టిఫికెట్, ఆదాయపు పన్ను పోర్టల్‌లో ఏఐఎస్ (వార్షిక సమాచార నివేదిక). సేవింగ్స్ ఖాతా వడ్డీని చాలామంది వదిలేస్తారు. దాని మీద టీడీఎస్ ఉండదు గాని పన్ను ఉంటుంది. మావాడికి మార్చి దాకా కలిపి చూస్తే మొత్తం వడ్డీ 60,000 తేలింది, అంతా ఎఫ్‌డీలదే. ఎఫ్‌డీ వడ్డీ 50,000 దాటితే బ్యాంకు పది శాతం పట్టుకుంటుంది. అలా 6,000 పోయింది.

ఇప్పుడు 2025-26 లెక్క, కొత్త విధానంలో. జీతంలో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే సరిగ్గా 12 లక్షలు. అక్కడిదాకా 87ఏ రిబేటుతో పన్ను సున్నా. కంపెనీకి తెలిసింది అంతవరకే. వడ్డీ కలిపితే 12,60,000. గీత దాటాడు కాబట్టి రిబేటు పోయింది. నాలుగు లక్షల నుంచి ఎనిమిది దాకా 5 శాతం, పన్నెండు దాకా 10, ఆపైన 15 చొప్పున 69,000. మార్జినల్ రిలీఫ్ పుణ్యమా అని, పన్నెండు లక్షలు దాటిన 60,000 దగ్గరే ఆగుతుంది. దాని మీద నాలుగు శాతం సెస్సు. వెరసి 62,400. వచ్చిన వడ్డీ 60,000! నమ్మలేక వాడే కాలిక్యులేటర్ లాక్కుని రెండుసార్లు కొట్టి చూసుకున్నాడు. బ్యాంకు మన శ్లాబు చూసి కోయదు, తన పది శాతం తను కోస్తుంది. బాకీ 56,400.

టీడీఎస్ పోగా బాకీ 10,000 లేదా అంతకు మించితే అడ్వాన్స్ ట్యాక్స్ కట్టాలి. జూన్ 15కి 15 శాతం, సెప్టెంబర్ 15కి 45, డిసెంబర్ 15కి 75, మార్చి 15కి మొత్తం. వ్యాపారం, వృత్తి ఆదాయం లేని అరవై దాటినవాళ్లకు ఈ బెడద లేదు. మావాడికి మూడు గడువులు అప్పటికే దాటిపోయాయి. జనవరిలో చలానా కట్టినా 2,280 వడ్డీ. జూలై దాకా ఊరుకుంటే 5,100.

ఇక్కడో మంచి దారి ఉంది. వడ్డీ ఆదాయాన్ని, బ్యాంకు కోసిన 6,000ను రాసి పేరోల్ వాళ్లకు డిక్లరేషన్ ఇస్తే, మిగతాది జీతంలోనే టీడీఎస్‌గా పట్టుకుంటారు. అడ్వాన్స్ ట్యాక్స్ లెక్క కట్టేది టీడీఎస్ పోగా మిగిలిన దాని మీద కదా, బాకీ ఇలా తీరితే వడ్డీ ఊసే ఉండదు. ఫిబ్రవరి, మార్చి జీతాల్లో 28,200 చొప్పున పోతుంది. నొప్పే. అయినా నయం. పేరోల్ విండో మూసేస్తే మాత్రం పోర్టల్‌లో ఈ-పే ట్యాక్స్, అడ్వాన్స్ ట్యాక్స్ అంటే కోడ్ 100, అసెస్‌మెంట్ ఇయర్ 2026-27. ఈ ఇయర్ ఎంచుకునే దగ్గరే వేళ్లు జారతాయి. ఒకసారి నావీ జారాయి. కట్టిన డబ్బు వేరే ఏడాది ఖాతాలో కూర్చుంది.

జూన్ 15 కల్లా కంపెనీ ఫారం 16, బ్యాంకు 16ఏ ఇవ్వాలి. వాటిని పోర్టల్‌లోని పన్ను క్రెడిట్ పట్టిక 26ఏఎస్‌తో సరిచూసుకుని జూలై 31 లోపు రిటర్న్, తర్వాత 30 రోజుల్లోపు ఈ-వెరిఫై. 2026 ఏప్రిల్ నుంచి కొత్త చట్టం వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి గాని, 2025-26 ఆదాయానికి పాతవే.

ఇదంతా విన్నాక "వచ్చే ఏడాదీ ఇంతేనా?" అన్నాడు. అక్కర్లేదన్నాను. కంపెనీ జీతంలోనే ఎన్‌పీఎస్ (జాతీయ పింఛను పథకం) వాటా పెడితే, మూల వేతనంలో 14 శాతం దాకా కొత్త విధానంలోనూ తీసేయొచ్చు. వాడి మూల వేతనం ఆరు లక్షలు, అంటే 84,000. ఇదే జీతం, ఇదే వడ్డీ అయితే ఆదాయం 11,76,000కు దిగుతుంది, బ్యాంకు కోసింది కూడా వెనక్కి వస్తుంది. ఏప్రిల్ జీతం పడేలోపు హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టమన్నాను.