ఇంటి దుబారా – ఆషాఢపు అప్పు

(సభ్యులకు పాఠము)

సేద్యమున రైతు చేతిలో లేనివి పెక్కు గలవు. వాన, వరద, మురుగుకాలువ, ధాన్యపు ధర – వీనిలో నేదియు నతని మాట వినదు. 2011 సార్వాలో పెట్టుబడికి తగిన రాబడి లేక కోనసీమ రైతులు పెక్కు వేల ఎకరములను బీడుపెట్టి సాగు విరామము పాటించిరి. 2022లో మరల నామాట ఉప్పలగుప్తము మొదలగు మండలములలో వినవచ్చెను. ఇంటిలో దీపమార్పినంతమాత్రమున ధాన్యమునకు ధర రాదు. రైతు పేదరికమునకతని దుబారాయే కారణమనుట న్యాయమును గాదు. అయినను, చేతిలో లేనివి ఇన్ని యుండగా, చేతిలోనున్న కొంచెమును జారవిడుచుట వివేకము కాదు. ఆ కొంచెమెంతయో, అది దేనికి చాలునో లెక్కించి చూచుటయే ఈ పాఠముయొక్క ఉద్దేశము.

లెక్క

దాళ్వా సొమ్ము ఖర్చయి, సార్వా ఊడ్పులు ముందున్న ఆషాఢమాసమున ఇంటి ఖర్చునకు చేబదులు తెచ్చుట మన గ్రామములలో కొత్తగాదు. ఒక గృహస్థు 5,000 రూపాయలు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చెననుకొందము. సార్వా పంట ఇంటికి చేరి తీర్చుసరికి ఆరు నెలలగును. వడ్డీ 600 రూపాయలు. వెరసి 5,600 రూపాయలు. ఇక రెండవవైపు చూడుడు. దినమునకు 15 రూపాయలు మిగిల్చినచో సంవత్సరమునకు 5,475 రూపాయలగును. అనగా నాటి అప్పును, దాని వడ్డీని దాదాపు తీర్చు సొమ్ము ఇంటిలోనే దినదినము కరగిపోవుచున్నదన్నమాట. అది కరగు త్రోవలు కొన్ని క్రింద చెప్పబడినవి.

వంటయిల్లు

14.2 కిలోల గ్యాసు సిలిండరు ఒక ఇంటికి 30 దినములు వచ్చినచో సంవత్సరమునకు 12 సిలిండరులు కావలయును. అదే 40 దినములు వచ్చినచో 9 చాలును. మూడు సిలిండరుల ధర మిగులును. దీనికి కష్టపడవలసిన పనిలేదు. బియ్యము, పప్పు ముందుగా నానబెట్టుట, గిన్నెపై మూత వేయుట, ఎసరు మరిగిన పిదప మంట తగ్గించుట, కూరలన్నియు తరిగి పెట్టుకొనిన తరువాతనే పొయ్యి వెలిగించుట – ఇవి చాలును. స్నానమునకు నీళ్లు గ్యాసుపై కాచుట కొబ్బరితోటగలవారికి తగదు. మట్టలు, డొక్కలు, చిప్పలు పెరటిలో పడియుండగా కొన్న మంట యేల?

ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగము 2024లో ప్రకటించిన నివేదిక ప్రకారము, 2022లో ప్రపంచమున వృథాయైన ఆహారము 105 కోట్ల టన్నులు. అందు నూటికి 60 పాళ్లు ఇండ్లలో పారవేయబడినదే. పండించినవాని ఇంట అన్నము పారవేయుట తన కష్టమును తానే పారవేయుట. కొలిచి వండుట మొదటి ఉపాయము. రాత్రి మిగిలిన అన్నమును నీటిలోనో మజ్జిగలోనో వేసి ఉదయమున చద్దిగా భుజించుట రెండవది. కడుగునీళ్లు, గంజి కుడితిలోనికి పోవలయును. కాని ఒక హెచ్చరిక: పెండ్లిలోనో సంతర్పణలోనో మిగిలిన అన్నమును జాలితో ఒక్కమారుగా పశువునకు పెట్టరాదు. ఎక్కువ అన్నము దాని కడుపులో పులిసి ప్రాణాపాయము కలిగించును. పదిరూపాయల అన్నము దక్కించుకొనబోయి పాడిగేదెను పోగొట్టుకొనిన పొదుపు పొదుపు కాదు.

తిండికి దాచుకొను మినుములు, పెసలు బాగుగా ఎండబెట్టి, చల్లారిన పిదపనే మూతగట్టిగల డబ్బాలలో పోయవలయును. వేడిమీద మూసినచో చెమ్మ పట్టును, చెమ్మయున్నచోట పురుగుండును.

దీపము, నీరు

1,000 వాట్లు ఒక గంట కాలినచో ఒక యూనిటు. పశువుల పాకలో ఇంకను 60 వాట్ల పాత బల్బు దినమునకు 5 గంటలు వెలుగుచున్నచో నెలకు 9 యూనిట్లు. దానిచోట 9 వాట్ల ఎల్‌ఇడి బల్బు పెట్టినచో ఒకటిన్నర యూనిటైనను కాదు. 75 వాట్ల పంకా మనుష్యులు లేని గదిలో దినమునకు 4 గంటలు తిరిగినచో నెలకు 9 యూనిట్లు గాలికే పోవును. వాడుక హెచ్చినకొలది యూనిటు ధరయు హెచ్చు శ్లాబుల పద్ధతి మనకు గలదు. కావున చివర తగ్గించిన యూనిట్లే అన్నిటికంటె ఖరీదైనవని గుర్తింపుడు.

కుళాయినుండి క్షణమునకొక బొట్టు కారినచో దినమునకు సుమారు 20 లీటర్లు పోవును. ఆ నీటిని మిద్దెపై తొట్టికెక్కించినది మోటారు. మోటారును త్రిప్పినది మీ డబ్బు. కుళాయి లోపలి రబ్బరు బిళ్ల మార్చుట కొలది రూపాయల పని.

పెరడు

పీచు యంత్రములవారు మంచి ధరకు కొనునప్పుడు డొక్కలు అమ్ముకొనుటయే లాభము. బేరము కుదరనిచో తగులబెట్టక, చెట్టు చుట్టును పాదులో లోపలి గుంట పైకి ఉండునట్లు పేర్చి మట్టి కప్పవలయును. అవి నీటిని పట్టియుంచి, వేసవిలో కాలువలు కట్టివేసిన దినములలో చెట్టును కాచును. పొయ్యిలోని బూడిదలో పొటాషు గలదు. కొబ్బరికి ఆ పోషకము మిక్కిలి అవసరము. బూడిదను రోడ్డున పోసి పొటాషు సంచి కొనితెచ్చువారు ఒక్కమారు ఆలోచింతురుగాక. ఈనెలు తీసిన చీపురు, పేడ, ఆకులు, కూరగాయల తొక్కలు కలిపిన ఎరువుగుంట – ఇవి కొనవలసిన వస్తువులు కావు.

కొట్టు ఖాతా

దినమునకొక చిన్నపొట్లము చొప్పున నూనె, సబ్బుపొడి, కాఫీపొడి కొనువాడు నెలసరుకు ఒక్కమారు కొనువానికంటె తరచుగా ఎక్కువ ఇచ్చును. అరువు ఖాతాపై కొనువానికి బేరమాడు నోరుండదు, తూకమడుగు ధైర్యముండదు. పదిమంది సభ్యులు కలిసి నెలసరుకు టోకున తెప్పించుకొని పంచుకొనవచ్చును. ఇంగ్లండులో రోచ్‌డేల్ పట్టణపు శ్రమజీవులు 28 మంది తలకొక పౌను చొప్పున, వారమువారము కొన్ని పెన్నీలు కూడబెట్టి, 1844 డిసెంబరులో పిండి, వెన్న, చక్కెర, కొవ్వొత్తులు అమ్ము చిన్న అంగడి తెరచిరి. నేటి సహకార సూత్రములకు మాతృక ఆ అంగడియే. ఇంటిసరుకునందలి పొదుపే సహకారమునకు పుట్టినిల్లని మనము మరువరాదు.

పొదుపనగనే వంటయింటివైపు వేలు చూపుట పురుషులకు వాడుక. చుట్టలు, బీడీలు, బజారు టీలు, వాడుకకు మించిన సెల్‌ఫోను రీచార్జీలు, కాలినడకన పోదగిన దూరమునకు మోటారు సైకిలు – ఇవియు లెక్కలోనికి రావలయును.

తగ్గింపరాని ఖర్చులు

పిల్లల పాలు, గ్రుడ్లు, చదువు, గర్భిణుల ఆహారము, వృద్ధుల మందులు, మంచి విత్తనము – వీనిని కోయుట పొదుపు కాదు, లోభము. వీనికి లోటు రాకుండుటకే తక్కినచోట్ల పొదుపు.

మిగిలినది నిలుచుట

ఇది పాఠమునందలి ముఖ్యాంశము. ఖర్చు మానినంతమాత్రమున డబ్బు మిగులదు. మానిన ఖర్చు ఆ దినముననే వేరు డబ్బాలో పడవలయును; లేనిచో సాయంత్రమునకు మరియొక ఖర్చై పోవును. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలవలన సారా వ్యతిరేకోద్యమము వ్యాపించినది. 1993లో రాష్ట్రమున సారా నిషేధింపబడినది. అంతతో ఆ జిల్లా స్త్రీలు ఊరకుండలేదు. సారాకుపోవు డబ్బు మరియొక త్రోవన పోకుండ “పొదుపు లక్ష్మి” సంఘములుగా చేరి, దినమునకొక రూపాయి చొప్పున దాచుకొనిరి. వారి వివేకమే మనకు ఆదర్శము. డబ్బాలోని సొమ్ము నెలకొకమారు సంఘమునగాని, బ్యాంకునగాని, తపాలా కార్యాలయమునగాని జమ కావలయును. ఇంటనున్న సొమ్ముకు చుట్టములెక్కువ.

అభ్యాసము

1. ఒక నెల దినములు ఇంటిలోని ప్రతి ఖర్చును నోటుపుస్తకమున వ్రాయుడు. చదువుకొను పిల్లలచేత వ్రాయించినచో వారికి లెక్కయు, మీకు ఎరుకయు కలుగును.

2. నెలచివర “తప్పనిది”, “తగ్గింపదగినది”, “మానదగినది” అని మూడుగా విభజింపుడు. ఈ విభాగము భార్యాభర్తలు కలిసి చేయవలయును.

3. మానదగినవానిలో ఒక్కదానిని మాత్రమే ఎన్నుకొని, రెండవ నెలలో మాని, ఆ సొమ్ము దినదినము డబ్బాలో వేయుడు. అన్నియు నొక్కమారు మానబూనినవాడు వారము తిరుగకమునుపే అన్నియు మొదలుపెట్టును.

4. గత ఆషాఢమున మీరు తెచ్చిన చేబదులెంతయో పుస్తకము మొదటిపుటలో వ్రాసికొని, ప్రతినెల జమను దాని ప్రక్కన వేయుచు రండు. ఆ రెండంకెలు సమానమైన నాడు మీకు అప్పిచ్చువాని గడపతో పనియుండదు.