రాలిన వెంట్రుక, మిగిలిన కుదురు



చర్మవైద్యంలో శిక్షణ మొదలుపెట్టిన విద్యార్థినిని రోగులు తరచుగా అడిగే ప్రశ్నల్లో ఒకటి, రాలుతున్న జుట్టుకు ఏం రాయాలన్నది. దానికి నూనె పేరో మాత్ర పేరో చెప్పేముందు వైద్యురాలు తేల్చుకోవలసిన సంగతి వేరే ఉంది: వెంట్రుక పుట్టే కుదురు, అంటే చర్మంలోకి సన్నని గొట్టంలా దిగి ఉండే ఆ చిన్న అవయవం, విశ్రాంతిలో ఉందా, కుంచించుకుపోతోందా, దాడికి గురై ఆగిపోయిందా, లేక పూర్తిగా నశించిందా అన్నది. జుట్టు రాలడమనే ఒక్క లక్షణం వెనుక ఈ నాలుగింటిలో ఏదైనా ఉండవచ్చు కనుక, ఒకరికి గుణమిచ్చిన మందు మరొకరికి పనిచేయకపోవడంలో వింత లేదు.

తలపై సుమారు 1,00,000 కుదుళ్లుంటాయి. ప్రతి కుదురూ 2 నుంచి 6 ఏళ్లపాటు వెంట్రుకను పెంచి, రెండు మూడు వారాల్లో ఆ పనిని చాలించుకుని, తర్వాత దాదాపు 3 నెలలు విశ్రాంతి తీసుకుంటుంది. పెరిగే దశను అనాజెన్ అని, విశ్రాంతి దశను టెలోజెన్ అని అంటారు. విశ్రాంతి ముగిశాక పాత వెంట్రుక ఊడి అదే కుదురులో కొత్తది మొదలవుతుంది కాబట్టి, రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం ఆరోగ్యవంతుల్లోనూ జరిగేదే. వెంట్రుకలో చర్మం పైకి కనిపించే భాగం కెరటిన్ అనే ప్రోటీన్‌తో ఏర్పడిన నిర్జీవ పదార్థం. దాన్ని కోసినా గీసినా లోపలి కుదురుకు ఆ సంగతే తెలియదు. తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు సమర్పించినవారికి జుట్టు మళ్లీ పూర్వంలాగే రావడానికి కారణం ఇదే, గుండు చేయిస్తే పిల్లలకు ఒత్తుగా వస్తుందన్న నమ్మకం నిలబడకపోవడానికి కారణమూ ఇదే. మొక్కును మొక్కుగా గౌరవించవలసిందే గాని, చికిత్సగా లెక్కించకూడదు.

మామూలుకన్నా ఎక్కువ కుదుళ్లు ఒక్కసారిగా విశ్రాంతిలోకి జారిపోయి జుట్టు గుప్పెళ్లుగా రాలే స్థితిని టెలోజెన్ ఎఫ్లూవియం అంటారు. దీన్ని గుర్తించడంలో పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే, కారణానికీ రాలడానికీ మధ్య రెండు మూడు నెలల ఎడం ఉంటుంది. డెంగీ, టైఫాయిడ్ వంటి తీవ్ర జ్వరం, కాన్పు, పెద్ద శస్త్రచికిత్స, తిండి బాగా తగ్గించి బరువు దిగడం, వీటిలో ఏది జరిగినా కుదుళ్లు అప్పుడే పని ఆపుతాయి గాని, వెంట్రుకలు మాత్రం విశ్రాంతి కాలం గడిచాకే ఊడుతాయి. ఈలోగా రోగి జ్వరాన్ని మరచిపోయి, నిన్నమొన్న మార్చిన షాంపూనో, ఊళ్లోని బోరు నీటినో నిందిస్తుంది. అందుచేత అడగవలసింది ఈ వారం సంగతి కాదు, మూడు నెలల కిందటి సంగతి. కారణం ఒక్కసారి వచ్చి పోయేదైతే సుమారు ఆరు నెలల్లో రాలడం దానంతట అదే తగ్గుతుంది. బాలింతకు ఈ మాట ఓపికగా వివరించడమే సగం వైద్యం. ఆరు నెలలు దాటినా తగ్గకపోతే థైరాయిడ్‌నూ, శరీరంలో ఇనుము నిల్వను తెలిపే ఫెరిటిన్‌నూ పరీక్షించాలి. హిమోగ్లోబిన్ సరిగానే ఉన్నా నిల్వ ముందే అడుగంటి ఉండవచ్చు. లోపమేదో తెలియకుండానే అందరికీ బయోటిన్ మాత్రలు రాసే అలవాటు మంచిది కాదు. అధిక మోతాదు బయోటిన్ కొన్ని రక్తపరీక్షల ఫలితాలను, గుండెపోటును పట్టే ట్రోపోనిన్ పరీక్షను సైతం, తప్పుదారి పట్టిస్తుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే హెచ్చరించింది.

బట్టతల కథ వేరు. అక్కడ కుదురు చావదు, ఆగదు. విడత విడతకూ సన్నబడే వెంట్రుకను పుట్టిస్తూ తానే చిన్నదైపోతుంది. యుక్తవయసుకు ముందే వృషణాలు కోల్పోయినవారికి బట్టతల రాదనీ, వారికి టెస్టోస్టెరాన్ ఇస్తే వంశంలో ఆ లక్షణం ఉన్నవారికి మాత్రం వస్తుందనీ 1942లో జేమ్స్ హామిల్టన్ అనే పరిశోధకుడు చూపడంతో, హార్మోనూ వంశగుణమూ రెండూ కలిస్తేనే ఈ స్థితి ఏర్పడుతుందని తేలింది. 1974లో డొమినికన్ రిపబ్లిక్‌లోని కొన్ని కుటుంబాలపై జూలియన్ ఇంపెరాటో-మెక్‌గిన్లీ బృందం ప్రచురించిన పరిశోధన దీన్ని మరో మెట్టు ముందుకు తీసుకుపోయింది: టెస్టోస్టెరాన్‌ను డీహెచ్‌టీ అనే మరింత శక్తిమంతమైన రూపంలోకి మార్చే ఎంజైమ్ ఆ కుటుంబాల్లోని కొందరిలో పుట్టుకతోనే లోపించింది, వారికి ప్రోస్టేట్ గ్రంథి చిన్నగానే ఉండిపోయింది, బట్టతలా రాలేదు. ఆ ఎంజైమ్‌ను అడ్డుకునే ఫినస్టెరైడ్ మొదట 1992లో ప్రోస్టేట్ వాపుకు, తర్వాత 1997లో 1 మిల్లీగ్రాము మోతాదులో పురుషుల బట్టతలకు అమెరికాలో అనుమతి పొందింది. అరుదైన జన్యులోపాన్ని ఓపికగా గమనించడం నుంచి కోట్లమందికి ఉపయోగపడే మందు పుట్టిన ఈ చరిత్రను ప్రతి విద్యార్థీ తెలుసుకోవాలి. కొందరిలో ఈ మందు లైంగిక వాంఛను తగ్గించవచ్చు, మనసును కుంగదీయవచ్చు. ఆ మాట ముందే చెప్పి ఇవ్వడం వైద్యధర్మం. గర్భిణి దీన్ని మింగకూడదు సరికదా, విరిగిన మాత్రను తాకనూ కూడదు, ఎందుకంటే గర్భంలోని మగశిశువు జననాంగాల ఎదుగుదలకు డీహెచ్‌టీ అవసరం.

బట్టతలకు వాడే రెండో మందు మినాక్సిడిల్ మొదట రక్తపోటు మాత్రగా వచ్చింది; వాడినవారికి ఒళ్లంతా వెంట్రుకలు పెరగడం గమనించి తలకు రాసే ద్రావణంగా మార్చారు, 1988లో అమెరికాలో దానికి అనుమతి లభించింది. ఇది స్త్రీలకూ పనికివస్తుంది. వారిలో నుదుటి అంచు నిలిచే ఉండి పాపిడి వెడల్పవుతుంది. నెలసరి తప్పుతూ ముఖంపై వెంట్రుకలు కూడా ఉంటే పీసీఓఎస్ అనే అండాశయ సమస్య కోసం చూడాలి. మినాక్సిడిల్ మొదలుపెట్టిన తొలి వారాల్లో విశ్రాంతిలోని వెంట్రుకలు ఊడిపోయి రాలడం కొంత పెరుగుతుంది. ముందే చెప్పకపోతే రోగి భయపడి సరిగ్గా అప్పుడే మానేస్తాడు. జుట్టు నెలకు దాదాపు ఒక సెంటీమీటరే పెరుగుతుంది గనుక గుణాన్ని ఆరు నెలలకు ముందు తూచడం తొందరపాటు, మానేస్తే వచ్చిన లాభం కొద్ది నెలల్లో పోతుంది.

పేనుకొరుకుడుగా ఊళ్లలో పిలిచే అలోపీషియా అరేటాలో, రూపాయి బిళ్లంత మేర నున్నగా జుట్టు పోతుంది. ఏ పేనూ పురుగూ దీనికి కారణం కాదు. శరీర రక్షణ కణాలే కుదురు అడుగు భాగంపై దాడి చేస్తాయి. గురివింద గింజ అరగదీసి ఆ మచ్చపై రుద్దే అలవాటును గట్టిగా మాన్పించాలి, ఆ గింజలో అబ్రిన్ అనే తీవ్రమైన విషముంది. చిన్న మచ్చ చాలామందిలో ఏడాదిలోపు దానంతటదే పూడుతుంది, మొదట తెల్ల వెంట్రుకలు మొలిచి తర్వాత నల్లబడతాయి. అలా పూడకపోతే ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్‌ను మచ్చలోకి సూదితో ఎక్కిస్తారు. తలంతా పోయిన తీవ్ర స్థితికి 2022లో అమెరికాలో అనుమతి పొందిన బారిసిటినిబ్ వంటి మందులున్నా, అవి రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి కాబట్టి ముందే క్షయ పరీక్ష తప్పనిసరి. పిల్లల తలపై మచ్చలో పొట్టు రాలుతూ వెంట్రుకలు పొట్టిగా విరిగి ఉంటే అది తామర. పై పూతలు కుదురు లోతుకు చేరవు, కడుపులోకి మందు ఇవ్వవలసిందే. బిగుతు జడల వల్ల కణతల దగ్గర రాలే జుట్టుకు జడ వదులు చేయడమే మందు, అదీ తొందరగా చేస్తేనే.

అన్నిటికన్నా శ్రద్ధగా వెతకవలసింది మచ్చకట్టే రకాన్ని. కుదురు మధ్యభాగంలో చిన్న ఉబ్బు ఉంటుంది, కొత్త వెంట్రుకను పుట్టించే మూలకణాలు అక్కడే నివసిస్తాయి. పేనుకొరుకుడులో దాడి అడుగున జరుగుతుంది కాబట్టి ఆ కణాలు మిగులుతాయి, ఎన్నేళ్ల తర్వాతైనా జుట్టు తిరిగి రావచ్చు. లైకెన్ ప్లానోపైలారిస్, డిస్కాయిడ్ లూపస్ వంటి వ్యాధుల్లో దాడి ఆ ఉబ్బుపైనే జరిగి, కుదురు స్థానంలో మచ్చకణజాలం నిండుతుంది. అలా పోయిన కుదురును తిరిగి తెచ్చే మందు లేదు. మంట, దురద, వెంట్రుకల చుట్టూ ఎరుపు, రంధ్రాలు మాయమై మెరిసే చర్మం కనిపిస్తే నెలల తరబడి నూనెలతో కాలయాపన చేయకుండా ఆ వారమే బయాప్సీ చేయాలి, ముక్కను బోడిగా మారిన నడిభాగం నుంచి కాక వ్యాధి పాకుతున్న అంచు నుంచి తీయాలి. స్టెరాయిడ్లు, హైడ్రాక్సీక్లోరోక్విన్ వంటి మందుల లక్ష్యం మిగిలిన కుదుళ్లను కాపాడడమే. జుట్టు మార్పిడి గురించి ఇలాంటి రోగులు తప్పక అడుగుతారు. తల వెనుక నుంచి తీసి ముందు నాటిన కుదురు తన పాత స్వభావాన్నే నిలుపుకుంటుందని 1959లో నార్మన్ ఓరెంట్రైక్ అనే చర్మవైద్యుడు నిరూపించినది బట్టతల విషయంలో. మచ్చకట్టే వ్యాధి చురుగ్గా ఉన్న తలలో నాటినవి కూడా పాతవాటిలాగే నశించవచ్చు కనుక, వ్యాధి ఏడాది రెండేళ్లు పూర్తిగా అణిగి ఉన్నదని తేలేవరకూ ఆ శస్త్రచికిత్సకు ఒప్పుకోకూడదు.